వెండెల్ కుర్చీ

ఇండియానాలోని మా ఊరి చర్చి హాల్లో, కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ మొదలవుతున్నందుకు ఊరంతటికీ భోజనాలు. వంటగదిలో ఇద్దరే ఉన్నారు: పదేళ్లుగా ఈ విందుకి గుమ్మడికాయ పైలు అనే తీపి వంటకం చేసిపెడుతున్న ఆవిడ, విందు నడిపించే పెద్దమనిషి.

“మా అబ్బాయి కుర్చీ ఏది?”

“అమ్మా తల్లీ, మెల్లగా మాట్లాడు. అవతల కోచ్ ఉన్నాడు.”

“విననీ. బల్లకో ఆటగాడు, వాడి పేరు రాసిన కార్డు. అన్నీ తిరిగి చూశాను. వెండెల్ పేరు ఎక్కడా లేదు.”

“మోకాలు పోయింది కదా, ఈ ఏడు ఆడడు. కుర్చీలు ఆడేవాళ్లకే.”

“పోయిన మార్చిలో కుంటుతున్నవాణ్ణి మళ్లీ ఆటలోకి దింపమని గొంతు చించుకుని అరిచిందెవరు? నువ్వు కాదూ? నీ పక్కనే కూర్చున్నా నేను.”

“నేనొక్కణ్ణేనా? ఊరంతా అరిచింది.”

“ఆ ఊరంతా ఇప్పుడు నా పైలు తింటోంది, సిగ్గులేకుండా.”

“సరే, వాణ్ణి వెనక తలుపులోంచి తీసుకురా. ఇక్కడే వడ్డిద్దాం.”

“రెండో ఆపరేషనై పదిరోజులు కాలేదు. పేరు పిలుస్తారని టై కట్టుకుని గంట నుంచీ కారులో కూర్చున్నాడు. వంటగదిలో తినడానికా?”

“మరి నన్నేం చేయమంటావ్?”

“నువ్వేం చేయక్కర్లేదు. ఆటగాడు లోపలికొస్తే హాలంతా లేచి నిలబడాలని ఆనవాయితీ పెట్టింది మీరేగా? వాడు ముందు తలుపులోంచే వస్తాడు, చంకకర్రల మీద. ఎవడు కూర్చునే ఉంటాడో నేనూ చూస్తా.”