నల్లోడు దొంగలకు చెప్పిన చదువు

పోలీసు కుక్కల దళంలో పనిచేసిన హెడ్డుగారు రిటైరై ఆరేళ్లయింది గానీ, ఆయన నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. పోలీసు కుక్కల శిక్షణ మైదానం గేటు ఎదురుగా ఆయన బావమరిదికి టీ కొట్టు ఉంది. సాయంత్రం నాలుగైతే చాలు, అక్కడి బల్ల మీద ఆయన, చుట్టూ నలుగురు వినేవాళ్లు. ఆ వేళ వాళ్లలో కొత్తగా ఒక కానిస్టేబులమ్మాయి కూడా చేరింది.

ఆమె కోతలు వినడానికి రాలేదు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆమె కుక్కకి ఆఖరి పరీక్ష. ఉరకమంటే ఉరుకుతుంది, పట్టమంటే పడుతుంది, వదలమంటేనే వదలదు. దొంగ వేషం వేసినవాడి చేతికుండే మందపాటి తొడుగు నోట చిక్కిందంటే ఇక ఉడుంపట్టే. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. రేపు కూడా తప్పితే తీసుకుపోయి ఏ గిడ్డంగి దగ్గరో గొలుసుతో కట్టేస్తారు. ఏడాదిగా తన చేత్తో పెట్టింది తిని పెరిగిన కుక్క. ఈ పెద్దాయన దగ్గర పనికొచ్చే మాట ఒక్కటైనా దొరక్కపోదా అని కూర్చుంది.

హెడ్డుగారు మొదట చిన్నగానే ఎత్తుకున్నారు. ఆయన కుక్క నల్లోడికి మెట్లంటే భయమట. లాగలేదు, అరవలేదు. మెట్టు వైపు చూస్తే ఒక మాంసం ముక్క, కాలు పెడితే ఇంకో ముక్క. అలా వారం తిరిగేసరికి నాలుగంతస్తులు ఎక్కించారట. శిక్షణలో నిజంగానే అలా చేస్తారు కాబట్టి కానిస్టేబులమ్మాయి తల ఊపింది. అదే పొరపాటైంది. ఆ ఊపుడుతో ఆయనకీ ముక్క వేసినట్టయింది.

“మెట్లతో ఆగుతానా? తలుపు తియ్యడం కూడా నేర్పాను. గడియ వైపు చూస్తే ముక్క, మూతి ఆనిస్తే ముక్క, పంజా వేస్తే రెండు ముక్కలు. నెల తిరక్కుండానే పిల్లిలాగా చప్పుడు లేకుండా తలుపు తీసి, లోపలికెళ్లి, మళ్లీ దగ్గరగా వేసేవాడు. అయితే తీసే ముందు ఏం చేసేవాడో తెలుసా?”

“తాళంచెవి అడిగేవాడా సార్?” అన్నాడు దర్జీ. శిక్షణలో చిరిగిన తొడుగులన్నీ కుట్టేది అతనే.

“తలుపు తట్టేవాడు. మర్యాద తెలిసిన కుక్క.”

అక్కణ్ణించి కథ దౌడు తీసింది. ముగ్గురు దొంగలు ఒక నగల కొట్టు పై అంతస్తులో దాక్కున్నారట. అందులో ఒకడి చేతిలో మూరెడు కత్తి. కింద పోలీసులంతా ఏం చెయ్యాలో తోచక చెమటలు తుడుచుకుంటుంటే, హెడ్డుగారు నల్లోడి మెడకి మాంసం ముక్కల సంచి కట్టి, చెవిలో ఒక మాట చెప్పి పైకి వదిలారట.

“ఇంకో కుక్కయితే మీదపడి కరిచేది. నల్లోడు నా దగ్గర చదువుకున్నవాడు. ఎదురుగా కూర్చున్నాడు. కత్తి ఉన్న దొంగ తలుపు వైపు చూశాడా, సంచిలోంచి ఒక ముక్క తీసి దొంగ ముందు పెట్టాడు. దొంగ కత్తి జానెడు దించాడు, ఇంకో ముక్క పెట్టాడు. కత్తి నేల మీద పెట్టేశాడు, రెండు ముక్కలు పెట్టాడు. మిగతా ఇద్దరూ చూశారు. మరి వాళ్లకీ ఆశ ఉంటుంది కదా.”

బావమరిది గ్లాసులు కడుగుతూనే అడిగాడు. “ఆ మాంసం దొంగలు తిన్నారా బావా?”

“రెండ్రోజులుగా పస్తులున్నారు. ఎందుకు తినరు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? గంటలో ముగ్గురూ నల్లోడి ఎడం పక్కన, అడుగులో అడుగేసుకుంటూ మెట్లు దిగొచ్చారు. నేను ‘కూర్చో’ అన్నానా, నల్లోడికంటే ముందు వాళ్లు కూర్చున్నారు. జైలు నుంచి వచ్చాక అందులో ఒకడు మిగతా పాఠాలెప్పుడని నల్లోణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు కూడాను.”

కథ అక్కడా ఆగలేదు. అప్పటి పెద్దాఫీసరుగారు ఎవరికీ సెలవిచ్చేవారు కాదట. నల్లోడు రోజూ వెళ్లి ఆయన గదిలో కూర్చునేవాడట. ఆయన చెయ్యి కలం వైపు పోతే తోక ఊపేవాడట, కలం మూత తీస్తే చెయ్యి నాకేవాడట. పదిహేను రోజులయ్యేసరికి, ఆఫీసరుగారు కుక్క కనబడితే చాలు, కాగితంలో ఏముందో చూడకుండా సంతకం గీకే స్థితికొచ్చారట. చివరికి తన బదిలీ కాగితం మీద తనే సంతకం పెట్టుకుని వెళ్లిపోయారట పాపం.

బల్ల మీదవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. హెడ్డుగారు టీ చప్పరించి మంత్రిగారి ఇంటి సంగతి ఎత్తబోతుండగా, కానిస్టేబులమ్మాయి నెమ్మదిగా అంది.

“సార్, నల్లోడు ‘వదులు’ పరీక్ష మూడుసార్లు తప్పాడు.”

గ్లాసు ఆయన పెదవి దగ్గరే ఆగిపోయింది. ఎవరు చెప్పారని అడిగారు.

“మీరే సార్. ఆఫీసు బీరువాలో మీ పాత శిక్షణ పుస్తకం ఉంది. మెట్లకి పదకొండు వారాలు పట్టిందని రాశారు. తలుపు సంగతీ లేదు, దొంగల సంగతీ లేదు. నాలుగోసారి పాసయ్యాడని ఉంది. పక్కన ‘తప్పు నాదే’ అని రాసి వదిలేశారు. ఆ తప్పేంటో చెప్పండి సార్. రేపు నా కుక్కకి ఆఖరి పరీక్ష.”

హెడ్డుగారు గ్లాసు పక్కన పెట్టి, బావమరిది భుజం మీది తువ్వాలు తీసుకుని ఒక కొస ఆమెకిచ్చారు. ‘వదులు’ అంటూ రెండో కొస గట్టిగా లాగారు. ఆమె పిడికిలి దానంతటదే బిగిసింది. ఇంకోసారి లాగితే ఆమె ఎదురు లాగింది. అప్పుడాయన లాగడం మానేసి ఊరికే కూర్చున్నారు. తువ్వాలు వేలాడిపోయింది. కాసేపటికి ఆమె వేళ్లు సడలాయి.

“నువ్వూ ‘వదులు’ అంటూ కుక్క మెడపట్టీ లాగుతున్నావు కదూ?”

“లాగకపోతే ఎలా సార్?”

“నేనూ అలాగే అనుకున్నాను. నాకది శిక్ష, వాడికది ఆట. లాగి లాగి, వదలనందుకు నేనే బహుమతి ఇచ్చాను. ఇక నుంచి నువ్వు రాయిలా నిలబడు. తొడుగు వేసుకున్నవాడూ కదలకూడదు. పళ్లు సడలగానే మెచ్చుకో, మళ్లీ పట్టనివ్వు. వదిలితే మళ్లీ దొరుకుతుందని తెలిస్తే అదే వదులుతుంది.”

ఆమె తువ్వాలు కొస ఆయన చేతిలో పెట్టింది. ఇంత మంచి సంగతి ఉండగా ఆ దొంగల గోలంతా ఎందుకు సార్ అని అడిగేసింది.

హెడ్డుగారు తువ్వాలు మడత పెడుతూ చెప్పారు. “మూడోసారి తప్పిన రోజున నల్లోణ్ణి కొట్టానమ్మా, అందరి ముందూ. నేను నేర్పిందే చేసినందుకు కొట్టాను. తప్పు నాదని తర్వాత తెలిసింది. క్షమించమందామంటే కుక్కకి మన మాటలు తెలియవు. ఇప్పుడు వాడే లేడు. అందుకని వాడి గొప్ప నలుగురికీ చెబుతుంటాను. చెప్పేకొద్దీ పెరిగిపోతోంది.”

కానిస్టేబులమ్మాయి లేచి నిలబడింది.

“ఇంకో గంట వెలుతురుంటుంది సార్. తొడుగు వేసుకోడానికి కదలని మనిషి కావాలి.”

హెడ్డుగారు మిగిలిన టీ అక్కడే వదిలేసి, ఆమె వెనకాలే గేటు వైపు నడిచారు.