ఎలీషా వీసా

ఒమన్ దేశంలో సలాలా ఆసుపత్రిలో డ్యూటీ దిగగానే కాకినాడ నర్సు వీసా కాగితం పట్టుకుని ఆనందంగా క్యాంటీన్‌కి వచ్చింది. అక్కడ బర్మా పిల్ల ఒక్కతే కూర్చునుంది. ఆసుపత్రిలో ఆయా. పుట్టింది రంగూన్‌లోనే అయినా ఇంట్లో తాతల నాటి తెలుగే.

"వచ్చేసిందే పిల్లా, మీ తమ్ముడి వీసా! అరటితోటలో పని. మా ఆయన వాళ్ల అర్బాబ్‌ని అంటే యజమానిని బతిమాలి తెప్పించారు."

"ఎలీషా అని పేరు బాగానే రాసేరక్కా."

"అదేంటి, ఏడుస్తున్నావా?"

"మొన్న చీటీలో ఆడి పేరొచ్చింది. నిన్న సైన్యమోళ్ళొచ్చి తీసుకుపోయేరు."

"చీటీ ఏంటమ్మా?"

"ఈడొచ్చిన మగపిల్లల పేర్లు రాసి చీటీలు తీస్తారు. వచ్చినోడు వెళ్ళాల. మా జనం మీదే తుపాకీ పేల్చాల."

"వీసా చూపిస్తే వదలరా?"

"ఆ ఈడు మగోళ్ళని పనికోసం దేశం దాటనివ్వట్లేదక్కా. ముందే చెప్తే నువ్వు ప్రయత్నం మానేస్తావని చెప్పలేదు."

నర్సు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"సెలవు పెట్టి వెళ్ళు. అమ్మ దగ్గర నాలుగు రోజులుండు."

"అమ్మే రావద్దంది. సైన్యంలోకి లాక్కునే ఆ చట్టంలో ఆడపిల్లలూ ఉన్నారు, ఇరవయ్యేడు దాకా. నాకు ఇరవై నాలుగు."

"అయితే ఎప్పుడు రమ్మంది?"

"ఇరవయ్యెనిమిదొచ్చేక రమ్మంది. అమ్మకి కరెంటున్న రోజే డయాలసిస్ చేస్తున్నారక్కా. అప్పటిదాకా ఉంటాదంటావా?"

డయాలసిస్ వార్డులో పదేళ్ళు పనిచేసిన నర్సు ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది కానీ, ఉంటుందని అనలేకపోయింది.