శభాష్ నాన్నా

ఆసుపత్రి మంచం మీద తండ్రి, పక్కన కూతురు. పొద్దున్నే ఆయన కుడిపాదం తీసేశారు.

"పుండు పడిందని నాతో ఒక్కమాట చెప్పలేవా నాన్నా?"

"షుగర్ కాలు కదమ్మా, నొప్పి తెలియలేదు. సాక్సు తడిస్తే చెమటనుకున్నాను."

"తెలిశాకైనా నడక ఆపాల్సింది."

"ఆపనా అని నీకు రాశానుగా, నువ్వు పెట్టిచ్చిన నడక యాప్‌లోనే. 'పాదం నల్లబడింది, పదివేల అడుగులూ నడవాలా?' అని."

"ఎప్పుడు?"

"పోయిన సోమవారం. సాయంత్రం అడుగులు పూర్తవగానే నీ జవాబొచ్చింది, 'శభాష్ నాన్నా, రేపు కూడా!' అని. డాక్టర్ని అడిగే చెప్పుంటావనుకున్నా."

"అది నేను రాసింది కాదు నాన్నా. పదివేలు దాటితే దానంతటదే వెళ్లేలా పెట్టాను. నేనా యాప్ తెరిచి నెలలైంది."

"రోజూ వచ్చినవన్నీ అంతేనా?"

"అన్నీ అంతే."

"పోనీలే, ఏడవకు. మీ అమ్మకి మాత్రం చెప్పకమ్మా. రోజూ చదివి వినిపించేవాణ్ణి."