లూల్వా బూట్లు

ఇద్దరూ కువైట్ ఇళ్లలో పనిచేసే కడప ఆడవాళ్లు, అక్కాచెల్లెళ్లు. శుక్రవారం సెలవు పూట రిగ్గైలోని అక్క గదికి చెల్లెలు కుంటుతూ వచ్చి, సాక్సులు విప్పింది. రెండు మడమల మీదా నీటిబొబ్బలు.

“ఎవురు చేసినారిది? మీ ఇంటి మామా, ఆ కువైటీ ఆమె, వాత పెట్టిందా?”

“లేదక్కా. బూట్లు కరిసినాయి.”

“ఇంట్లో చెప్పుల్తో తిరిగేదానికి బూట్లేంటికి? ఇల్లిడిచి పారిపోవాలని నడిచినావా?”

“అయ్యో, లేదు. అవి మామా కూతురు లూల్వావి, నా కాలూ ఆ పిల్ల కాలూ ఒకటే కొలత. ఆ పాప కాళ్లకు చెక్కలు కట్టుకొని మంచుకొండ ఎక్కను జార్జియాకు పోతాంది. పోయినేడు మడమలు పుండ్లుపడి, సగం దావలోనే తిరిగొచ్చి ఏడ్చింది.”

“దానికి నీ కాళ్లేంటికి పగలాల?”

“కొత్త బూట్లు రాయి మాదిరుండాయి. మెత్తబడతాయని దినమ్మూ ఏసుకొని మెట్లెక్కి దిగినా.”

“మామానే ఏసుకోమనింటాది. నిజం చెప్పు.”

“ఎవురూ చెప్పలేదు. ఇంట్లో ఎవురూ లేనప్పుడు నేనే ఏసుకున్నా. మూడేండ్లప్పుడు నా సంకెక్కిన పిల్లక్కా.”

అక్క చెల్లెలి కాలు ఒళ్లోకి తీసుకుంది. సూదిని మంటలో కాల్చి, బొబ్బ అంచున పొడిచి నీళ్లు తీసింది.

“పైతోలు పీకొద్దు. ఇంగ ఏసుకునేటప్పుడు, ఎర్రబడకముందే మడమకు టేపు అంటించుకో. ఆ పిల్లకూ చెప్పు… నువ్వు ఏసుకున్యావని ఆ పిల్లకు తెల్సా?”

“తెలీదు. తెలిస్తే నా కాళ్లు పెట్టినవని వాటిని పారేసి కొత్తవి కొంటాది. అవీ రాళ్ల మాదిరే ఉంటాయి.”