దొర ఒక్క మాటా, పెంటమ్మ తొమ్మిది ముడులూ

పెంటమ్మ నోరు మంచిది కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్నేమీ అనకండి. దాని కంటే ముందు పుట్టినవాళ్ళు ఇద్దరూ పోయారని, ఇదైనా బతకాలని పెంట మీద పడేసి ఎత్తుకున్నారంట, అందుకా పేరు. దాని మొగుడు లోవరాజు. ఎడమచేతివాటం మనిషి, వల అల్లాడంటే చేపలు కూడా వచ్చి చూసిపోవాలి, అంత పనివాడు. ఆ లోవరాజు కోరంగి రేవులో ఓడెక్కి జావా వైపు వెళ్ళాడంట. వెళ్ళి ఏడాదైంది, రెండేళ్ళైంది, మూడో ఏడూ నిండింది. కబురు లేదు, కాకరకాయ లేదు. ఏమైందంటే, వాళ్ళ బెస్తవాడలో ఒక కట్టు ఉండేది. సముద్రం మీదకి వెళ్ళినవాడి కబురు మూడు తొలకరుల దాకా తెలియకపోతే వాడు పోయినట్టే లెక్క, అమావాస్యనాడు పెళ్ళాన్ని ఒడ్డుకి తీసుకెళ్ళి గాజులు తీసేస్తారు. కులపెద్ద సింహాద్రి వచ్చి గుమ్మంలో నిలబడి, వచ్చే అమావాస్యకి అమ్మా, అన్నాడంట మెత్తగా. ఇది ఊరుకుంటుందా? పీనుగేది మావా? అంది. సముద్రం పీనుగుల్ని ఇస్తుందటే పిల్లా, అన్నాడాయన. అయితే అది ఇచ్చినప్పుడే రా, ఈలోపు ఈ చేతుల మీద చెయ్యేశావంటే ముందు నీ పెళ్ళాం గాజులు చూసుకో, అందంట! చూశారా నోరు? ఆయన పెద్దమనిషి కాబట్టి తలొంచుకుని పోయాడు. కానీ కట్టు కట్టే. అమావాస్య ఇంక పద్దెనిమిది రోజులుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రేవులోకి ఒక దొర ఓడ వచ్చింది. అడుగున చెక్క పుచ్చిపోయి నీళ్ళు పడుతోందంట, బాగుచెయ్యడానికి ఒడ్డుకి లాగారు. ఓడమీద పనివాళ్ళంతా జావావాళ్ళు. పెంటమ్మ అక్కడ వడ్రంగులకి చేపలపులుసూ అన్నమూ వండిపెట్టే పనికి కుదురుకుంది. మొదటిరోజే, కార్తో అని ఒక జావా మనిషి, బక్కపల్చటివాడు, తన గుడ్డలూ అవీ దాచుకునే వలసంచి తాటికమ్మ పందిరి గుంజకి తగిలించాడు. పెంటమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పులుసు అడుగంటిపోతోంది, వడ్రంగులు అరుస్తున్నారు, ఇది వినదే! ఎందుకంటారా? మన వాడల్లో వలముడి ఏ ఇంటిది ఆ ఇంటిదే కదా. కొస ఒకరు రెండుసార్లు తిప్పుతారు, ఒకరు వెనక నించి తీస్తారు. కొట్టుకొచ్చిన వలముక్క చూసి ఇది ఫలానావాళ్ళదని చెప్పేస్తారు మనవాళ్ళు. ఆ సంచిమీదున్నది లోవరాజు ఇంటిముడి. పైగా ఎడమకి తిరిగుంది. ఆ ఇంట్లో ఎడమకి తిప్పేవాడు ఒక్కడే.

ఇంక అడగాలి కదా. ఎలా అడుగుతుంది? ఇదేమో తెలుగు, వాడేమో జావా. ఇద్దరికీ మధ్య దొర. ఆ దొర మాట విన్నారంటే మీరు నవ్వుతారు. వాడి నోట్లో ఒక్కటే మాటంట, గెట్. పొద్దున్నే వచ్చి పడుకున్నవాళ్ళని కాలితో పొడిచి గెట్టంటాడు. తెరచాప కొయ్య మీద నించి దిగమన్నా గెట్టే, నీళ్ళు తెమ్మన్నా గెట్టే. ఒకడికి జ్వరం తగిలితే దానికీ గెట్టే. చెప్పింది బుర్రకెక్కిందా అని అడగాలన్నా అదే. పెంటమ్మ ఒకరోజు విని, రెండురోజులు విని, ఇదేం దరిద్రమే, మా అత్తగారింట్లో చట్టిలాగుంది, అన్నమూ అందులోనే, పులుసూ అందులోనే, అందంట. నవ్వకే కనకం, మనం మాత్రం తక్కువా? గొడుగు పడతాం, చేప పడతాం, గోడకి బూజొస్తే అదీ పట్టడమే అంటాం. ఎవరి చట్టి వాళ్ళకి ముద్దు. సరే, అసలు సంగతేంటంటే, దొర గెట్టన్నప్పుడల్లా ఈ కార్తో పని మొదలుపెడుతూ ఆ పనికి తన మాట తను గొణుక్కునేవాడు. వాళ్ళకి ఒక్కో పనికి ఒక్కో చట్టి ఉందన్నమాట. లేచేటప్పుడు బంగూన్ అన్నాడు. దిగేటప్పుడు తురూన్. బిందె తేవడానికి వెళ్తూ అంబిల్. చేతికి అన్నం ముంత అందితే దపత్. ఇది చూసింది. మాట నమ్మలేదు, మనిషి చేసే పని చూసింది. కొంగున దారముంటే పనికో ముడేసింది. ముడి పట్టుకుంటే పని గుర్తు, పని గుర్తొస్తే మాట గుర్తు. అలా అలా పన్నెండురోజుల్లో తొమ్మిది ముడులు పడ్డాయంట. దొర ఒక్క మాటని తొమ్మిది చీలికలు చేసి కొంగున కట్టుకుంది అనుకో. దొర దగ్గర లేని మాట ఇంకోటి కూడా దొరికింది దానికి. రోజూ ముంత అందిస్తూ, తిన్నావా తమ్ముడూ, అని నోటిదగ్గర చెయ్యిపెట్టి అడిగేది. వాడు తల అడ్డంగా ఊపి బెలుం అనేవాడు, అని కూర్చుని తినేవాడు. లేదన్నవాడు తింటున్నాడేంటని నాలుగురోజులు చూసింది. అప్పుడు తెలిసింది. లేదని కాదు. ఇంకా కాలేదు, అవుతుంది అని.

పదమూడోరోజు వలసంచి తెచ్చి వాడి ఒళ్ళో పడేసి, ఎడమముడి మీద వేలుపెట్టి, దపత్? అందంట. ఎవరి దగ్గర అందిందిరా ఇది నీకు, అని. వాడు దీని మొహం చూశాడు, దీని గాజులు చూశాడు, లేచి నిలబడ్డాడంట. చేతులతో చూపిస్తూ చెప్పడం మొదలెట్టాడు. ఇది ఒక్కో ముడి పట్టుకుని వింటోంది. సంపై, మా ఊరి రేవుకి ఓడ చేరింది. సకిత్, కొయ్య విరిగి అతని మీద పడి కాలు పోయినంత పనైంది, జ్వరం. తురూన్, కుంటివాడు పనికిరాడని దింపేసి వెళ్ళిపోయారు. ఇది దారం గట్టిగా పట్టుకుంది. బంగూన్, ఏడాదికి లేచాడు. జాది గురు. జాదికి ముడుంది, అవ్వడం. గురు అన్న మాటకి ముడెయ్యక్కర్లేదు కదా! వాళ్ళ ఊరివాళ్ళకి వలలు నేర్పే గురువయ్యాడంట మన లోవరాజు. ఇంక దారం చివర ఒక్క ముడే మిగిలింది, పులాంగ్, ఇంటికి రావడం. అది అడగడానికి దీనికి నోరు రాలేదంట. అంత నోరుగల మనిషికి! ఆఖరికి చిన్నగా అంది, పులాంగ్? వాడు తల అడ్డంగా ఊపి, బెలుం, అన్నాడు. అప్పుడు ఏడ్చింది పెంటమ్మ. మూడేళ్ళలో అదే మొదటిసారి.

అమావాస్య వచ్చింది. ఒడ్డున అందరూ చేరారు. పెంటమ్మ కార్తోని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి మధ్యలో నిలబెట్టింది. సింహాద్రి అన్నాడు, పిల్లా, నీ బాధ నాకు తెలుసు, కానీ ఈ ముడి నువ్వే వేసి ఈ పరాయివాడి సంచికి కట్టుండొచ్చుగా? ఆయన అనడంలో తప్పులేదు, పెద్దరికం అంటే అదే కదా. పెంటమ్మ రెండు నూలుపోగులు కార్తో చేతిలో పెట్టింది. చూడండి, ఆ కార్తో అన్నం కుడిచేత్తో తింటాడు, గొడ్డలి కుడిచేత్తో పడతాడు, రేవంతా చూసింది. ఆ మనిషి ముడి దగ్గరికొచ్చేసరికి ఎడమచెయ్యి ముందుకి తెచ్చాడంట! ముడంటే ఎడమచేత్తోనే వేస్తారనుకున్నాడు పాపం, నేర్పినవాడు అలా నేర్పాడు మరి. పైగా ముడి బిగించాక పోగుని రెండుసార్లు పళ్ళతో కొరికి ఊశాడు. గుంపులోంచి లోవరాజు తల్లి, ముసలిది, కెవ్వుమంది. ఓరి నా తండ్రీ, ఆ కొరకడం నా కొడుకుదిరా! చిన్నప్పటినించీ మానిపించలేక చచ్చాను! అంది. సింహాద్రి ఆ పోగు తీసుకుని ముడి ఎటు తిరిగిందో వేలితో తడిమి చూశాడు. చూసి, వెళ్ళండి, వెళ్ళి వంటలు చేసుకోండి, ఇక్కడేం లేదు, అని అందర్నీ పంపించేశాడంట.

ఓడ బాగైంది, జావాకి తిరిగి వెళ్తోంది. పెంటమ్మ తిన్నగా దొర దగ్గరికి వెళ్ళి, నడుంమీద చెయ్యేసుకుని, దొరా, లోవరాజు, గెట్! అంది. అన్ని పనులకీ అదే వాడే మనిషికి ఏమర్థమైందో ఏమో, కార్తో కూడా పక్కనుండి ఏదో చెప్పాడు, దొర పకపకా నవ్వి తలూపాడు. మరుసటి ఏడాది తొలకరికి ముందే అదే ఓడ వచ్చింది. లోవరాజు కర్ర ఊనుకుంటూ దిగాడు. పెళ్ళాం ఎదురుగా నిలబడి, ఊరంతటికీ గురువయ్యావంట, ఇంటికి దారి నేర్పేవాడు దొరకలేదా, అని మొదలెట్టింది, ఇంట్లో పొయ్యి దగ్గరికి చేరేదాకా ఆపలేదు. అతను అంతా విని, అన్నం తిన్నావే? అన్నాడంట. అది మొహం తిప్పుకుని, బెలుం, అంది.

అంతేనమ్మా. ఇది జరిగి ఎన్నేళ్ళైందో నన్నడక్కండి. ఆ వాడలో మాత్రం అప్పట్నించీ, వేటకి వెళ్ళినవాడు వచ్చాడా అని అడిగితే రాలేదని ఎవరూ అనరు. ఇంకా, అంటారు, అక్కడితో నోరు మూసుకుంటారు. మా ఆయన సంత నించి వచ్చాడా అని ఇందాక అడిగావు కదే కనకం? ఇంకా. వస్తే మాత్రం నా దగ్గర ఒక్క మాటుండదు, తొమ్మిదుంటాయి.