చెప్పిన మాటను ఇల్లిల్లూ తిరిగి సవరించిన ఎనెడీనా గారు

1993వ సంవత్సరం మార్చి ఒకటవ తేదీన శ్రీమతి ఎనెడీనా కిన్తానా గారు ఫ్రెస్నోలోని మన వైద్యశాలలో ఆరోగ్య ప్రచారకురాలిగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. అంతకుముందు పదకొండేళ్లు ద్రాక్షతోటల్లో కోతపని చేసినవారు కనుక, తోట కూలీల వేళలూ బిడియాలూ భయాలూ వారికి ఎవరూ నేర్పనవసరం లేకపోయింది. హెచ్.ఐ.వి. అన్న మాట వినగానే మనవాళ్లు తలుపులు మూసుకునే ఆ రోజుల్లో, వారు షుగరు జబ్బు గురించి మాట్లాడదామంటూ వంటింట్లోకి ప్రవేశించి, కాఫీ మరిగేలోగా అసలు విషయానికి వచ్చేవారు.

తొలి నాలుగేళ్లలో వారు సేవ చేసిన రోగుల్లో చాలామంది మరణించారు. సమర్థమైన మందులు వచ్చాక, అవి ఎవరూ మధ్యలో మానకుండా చూడటమూ, జబ్బు మరొకరికి సోకకుండా కాపాడటమూ వారి దీక్ష అయింది. చర్చి మెట్ల దగ్గర కండోములు పంచుతుండగా ఒక పెద్దమనిషి "సిగ్గు లేదూ?" అని కసిరితే, "నేను సిగ్గుపడి కూర్చుంటే మీ అబ్బాయికి జబ్బొస్తుంది. ఎన్ని ఇమ్మంటారు?" అన్నారు. ఆయన రెండు తీసుకుని వెళ్లారు. 2003లో వారు పర్యవేక్షకురాలయ్యారు కానీ, కుర్చీలో కూర్చోగా చూసినవారు తక్కువ.

ఇక, సంబంధితుల అనుమతితో ఒక సంగతి చెబుతాను. 2005లో ఎరిబెర్తో సవాలా గారికి హెచ్.ఐ.వి. ఉందనీ, భార్య మరిసేలాకు లేదనీ తేలినప్పుడు, ఎనెడీనా గారు ఆనాటి వైద్య విజ్ఞానం మేరకు కండోము తప్పనిసరి అనీ, బిడ్డల ఆశ వదులుకోవడం మేలనీ వారికి చెప్పారు. ఎరిబెర్తో గారు భయంతో మరో అడుగు వేసి, పడక సోఫా మీదికి మార్చుకున్నారు.

2017లో మాకందరికీ శిక్షణ ఇచ్చారు. మందులు క్రమం తప్పక వాడుతూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఆరు నెలలకు పైగా నిలిచినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా హెచ్.ఐ.వి. సోకదని తెలిపారు. అది విన్న ఎనెడీనా గారు మధ్యలోనే లేచి, పాత దస్త్రాలు అడిగారు. మందుల విభాగంలో ఉన్న నేను, మేమంతా గౌరవంగా పిలిచే 'దోన్యా', అంటే అమ్మగారు, అన్న పిలుపుతోనే అడ్డుపడ్డాను.

"పాత కేసులు ఇప్పుడెందుకు తవ్వడం, దోన్యా? ఉత్తరం రాస్తే చాలదా?"

"భయమేమో ఇంటికెళ్లి మరీ పెట్టొచ్చాను. ధైర్యం పోస్టులో పంపమంటావా, ఇగ్నాసియో? కారు తియ్."

సవాలా గారింట్లో విషయం విన్న మరిసేలా చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టేసింది.

"పన్నెండేళ్లు, దోన్యా! మీరు చెప్పేసి కారెక్కి పోయారు. అప్పుడు నాకు ఇరవై నాలుగు."

"నిజమే. అప్పటికి తెలిసింది అంతే. అయినా చెప్పిన నోరు నాదే. తిట్టు."

"తిడతాను. ముందు కూర్చోండి." భర్త వైపు తిరిగింది. "నువ్వేం చూస్తున్నావ్? ఆ సోఫాకి నీ వీపు అచ్చు పడిపోయింది. రేపే బయట పారేస్తా!"

ఎరిబెర్తో గారు ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చారు. నాకూ కన్నీళ్లు ఆగలేదు, ఉత్తరం చాలునన్నందుకు సిగ్గూ వేసింది.

వైద్యుల పర్యవేక్షణలో 2019లో వారికి పాప పుట్టింది. తల్లికీ బిడ్డకూ జబ్బు లేదు. జ్ఞానస్నానంనాడు పాపకు జ్ఞానతల్లిగా నిలిచినవారు ఎనెడీనా గారే. పాత మాట సవరించడానికి వారు ఆ విధంగా నలభై ఒక్క ఇళ్లకు వెళ్లారు. కొన్నిచోట్ల తలుపు తీయలేదు. మూడు ఇళ్లలో దంపతులు అప్పటికే విడిపోయారు.

ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్న సందర్భంగా, మన వైద్యశాల పత్రిక సంచిక కోసం ఒక్క వాక్యం చెప్పమని ఎరిబెర్తో గారిని అడిగాను. "వందేళ్లు బతకమని రాయండి. ఆ వందో పుట్టినరోజుకి కేకు నేనే పట్టుకొస్తా," అన్నారు. ఒకప్పుడు మన రోగులకు దీర్ఘాయుష్షు కోరడానికి మనకే నోరు పెగిలేది కాదు. అటువంటివారే నేడు ఎనెడీనా గారు నూరేళ్లూ ఆరోగ్యంగా జీవించాలని నిండు మనసుతో కోరుతున్నారు. వారి వెనుక వరుసలో నిలబడి, మేమూ అదే కోరుతున్నాము.