మాసయ్య తోటకు రెండు గంటల నీళ్లు

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, ఈ షామియానాకు నడుమ ఒక చిల్లు గలదు. దాని కింద కూర్చున్నవారు ఎండతోపాటు జరుగుచుండవలెను. కుర్చీలు నలభై, మనుషులు అరవై. కుర్చీ దొరికినవారు గర్వపడరాదు. అరటి తొక్కలు మైకు దగ్గర పడవేయరాదు, నేను జారిపడితే మరొక సంతాప సభ పెట్టవలసివచ్చును. అన్నిటికన్నా ముఖ్యం, ఈరోజు చాయ్ లేదు. కాఫీయే.

నవ్వారా? మంచిది. ఈ వాకిట్లో నవ్వు వినబడి పన్నెండు రోజులైంది.

పెద్దలారా, అక్కలారా, తమ్ములారా! ఆత్మకూరు నుంచి, ధరూర్ నుంచి మాసయ్య కోసం ఎండలో వచ్చారు. మీ అందరికీ దండం. నేను బోరు మోటార్లు విప్పి బిగించే దేవదాసును. ఏడో తరగతి రెండుసార్లు చదివాను, అంటే మీలో చాలామందికన్నా ఎక్కువే. మాసయ్య నాకు ముప్ఫై ఏళ్ల దోస్తు.

ఆయన ఏం చేశాడు? వయసులో ఉన్నప్పుడు కర్ణాటక కొండల్లో కాఫీ తోటలకు కూలికి పోయాడు. మనవాళ్లు వలసపోతే ఏం తెస్తారు? దుప్పటి తెస్తారు, దగ్గు తెస్తారు. ఈయన సంచిలో కాఫీ మొక్కలు తెచ్చాడు. అర ఎకరం మామిడి తోటలో, చెట్ల నీడన నాటాడు. "ఈ ఎండకు కాఫీ బతుకుతదారా?" అని నేను ఎక్కిరిస్తే ఏమన్నాడు? "నాకు నెత్తి మీద తువ్వాలున్నది, దానికి మామిడున్నది." మొదటి ఎండాకాలం సగం చచ్చాయి. మళ్లీ నాటాడు. మళ్లీ చచ్చాయి. మళ్లీ నాటాడు. సిగ్గులేని మనిషి!

మొదటి పంట వచ్చింది. కాఫీ పండును ఎర్రగా పండినదాన్నే ఒక్కొక్కటి తెంపాలి. మన ఆడవాళ్లకు పల్లికాయ పీకడం తెలుసు, చింతకాయ దులపడం తెలుసు, రంగు చూసి ఏరడం తెలియదు. అందుకని అందరికీ ఎర్ర గాజులు కొనిచ్చి, "గాజు రంగు చూసి తెంపుండ్రి" అన్నాడు. నేను ఊరుకుంటానా? ఆయన లేనప్పుడు పోయి, "మాసన్న రంగు మార్చిండు" అని ఆకుపచ్చ గాజులు పంచాను. సాయంత్రానికి రెండు గంపల పచ్చికాయ!

కొట్టాడా? తిట్టాడా? లేదు. ఆ కాయ వేరుగా ఎండబెట్టాడు, వేయించాడు, పొడి చేశాడు. నెల రోజులు పొద్దున్నే గిలాస పట్టుకొని నా దుకాణానికి వచ్చాడు. "నీ గాజుల పంట, నువ్వే తాగు." వేపాకు కషాయం దానికన్నా నయం. చివరి చుక్కదాకా తాగేవరకు కదిలేవాడు కాదు.

తర్వాత తర్వాత హైదరాబాదు నుంచి కాఫీ కొనే ఆయన వచ్చాడు. చెంచాతో జుర్రుమని పీల్చి, "దీంట్లో బెల్లం వాసన, నారింజ వాసన ఉన్నాయి" అన్నాడు. మాసయ్య రెండు చేతులా దండం పెట్టాడు. "నా తోట మీద ఒట్టు సారూ, నేనేం కలపలే!" మెచ్చుకుంటున్నారని కూడా తెలియని మనిషి. అట్లాంటి మనిషి పోయాడు. గుండెపోటు, వనపర్తి దవాఖానలో రెండు పూటలు, అంతే.

ఇక అసలు సంగతి. కాఫీ చెట్టును కొన్నాళ్లు దాహంతో ఉంచి, అప్పుడు నీళ్లిస్తేనే పూస్తుంది. మాసయ్య నెలగా నీళ్లు ఆపాడు. వదలాల్సిన వారంలోనే పోయాడు. అన్నదమ్ములిద్దరికీ ఒకటే బోరు. తమ్ముడు ఆశన్న వరి పొట్ట మీదుంది, ఈనేదాకా నీళ్లు తప్పవు. "అన్ననే పోయిండు, ఇంక కాఫీ ఎవలికి?" అని నీళ్లన్నీ వరికి మళ్లించాడు. తప్పు పట్టను, అదీ పంటే. కానీ మాసయ్య భార్య, మా కిష్టమ్మ వదిన, ముడుచుకుపోయిన ఆకులను చూస్తూ గట్టు మీద కూర్చుంది. ఆ తోట తప్ప ఆమెకేముంది?

మూడో రోజు మాసయ్య పేరిట పిట్టకు పెట్టాం. ఇస్తరిలో అన్నం, మాంసం, పక్కన గిలాసలో కాఫీ. కాకి వచ్చింది, చూసింది, ముట్టలేదు. గంటయింది. ముట్టలేదు. పోయినాయనకు ఏం కోరిక మిగిలిందోనని అందరి ముఖాలు వాడిపోయాయి. అప్పుడు నేను చెప్పాను. దవాఖానలో మాసయ్య నా చెయ్యి పట్టుకొని, "దేవదాసూ, తోటకు నీళ్లు బంద్ చెయ్యొద్దని తమ్మునికి చెప్పు" అన్నాడని.

ఆశన్న ఇస్తరి ముందు నిలబడ్డాడు. చేతులు జోడించాడు. "అన్నా, దినాం రెండు గంటలు తోటకే ఇడుస్త. వచ్చి ముట్టుకో." కాకి దిగింది, ముక్క ఎత్తుకుపోయింది. అక్కడున్న అందరి గుండెల మీది బండ దిగింది. కిష్టమ్మ వదిన ఆ రోజే అన్నం తిన్నది.

ఈ పొద్దున తోటకు పోయాను. పూసింది! కొమ్మకొమ్మకూ తెల్లగా, మల్లె వాసన. మాసయ్య లేడన్న దుఃఖం ఉంది, కానీ ఊపిరి ఆడుతోంది. మీరూ పోయి చూడండి.

ఇప్పుడు అందరూ లేవండి. కుర్చీ దొరికినవారు కూడా. రెండు నిమిషాలు ఎవరూ ఒక్క మాట మాట్లాడకూడదు. అందుకే ఈ మాట ఇప్పుడే చెప్తున్నా.

దవాఖానలో మాసయ్య నాకేమీ చెప్పలేదు. నేను లోపలికి పోయేసరికే కళ్లు మూసుకొని ఉన్నాడు. ఆ కోరిక నేనల్లిందే. ఆశన్నా, అబద్ధం నాది, మాట మాత్రం నీది. పిట్ట కూడా విన్నది. తిట్లన్నీ దాచుకో, రెండు నిమిషాలైనంక ఇద్దువు.

తలలు వంచండి. మౌనం.